కళ్ళజోడు పెట్టుకున్న పిట్ట

ఆ వీధిలో ఆమెను అందరూ అక్షరాల మేడమ్ అంటారు. కళ్ళజోళ్ళ షాపులో వెనక గది ఆమెది. కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం తీసి ఇంకొకటి వేస్తూ, "ఇది బాగుందా, అది బాగుందా? ఇప్పుడు? మరి ఇప్పుడో?" అని అడగటం ఆమె పని. ఇరవై ఆరేళ్ళుగా అదే ప్రశ్న. ఎదురు గోడ మీద పై నుంచి కిందికి చిన్నవయ్యే అక్షరాల పట్టిక ఉంటుంది. అద్దాలు తప్పించుకోవాలని కింది వరసను కంఠతా పట్టి వచ్చే ఘనులు ఉంటారు. వాళ్ళు గడగడా చదివేస్తుంటే ఆమె అడ్డు చెప్పకుండా వింటుంది. విన్నాక పట్టిక తిప్పేసి, "ఇప్పుడు చదవండి" అంటుంది.

అంతమంది చూపు సరిచేసిన మనిషికి ఇంట్లో మాత్రం ఒక్కరి దగ్గర మాట చెల్లేది కాదు. ఆ ఒక్కరూ ఆమె అత్తగారు. డెబ్భై మూడేళ్ళావిడ. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎదురుగా ఎవరు నిలబడ్డా పొగమంచులో మనిషిలాగే కనపడతారు. ఆపరేషన్ మాట ఎత్తితే చాలు, చెయ్యి అడ్డం పెట్టేవారు.

"ఊళ్ళో అందరి కళ్ళూ చూసుకో అమ్మాయ్, నా కళ్ళ జోలికి మాత్రం రాకు. చూడాల్సినవన్నీ చూసేశాను. చెవులు బాగున్నాయి, నాకది చాలు."

చెవుల సంగతిలో ఆవిడ గొప్పలు చెప్పుకోవటం లేదు. ముప్ఫై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసినావిడ. అవతలి మనిషి "హలో" అంటే చాలు, జలుబు చేసిందో, ఏడ్చి వచ్చాడో, అబద్ధం చెప్పబోతున్నాడో పట్టేసేవారు. కొడుకు లిఫ్టు మెకానిక్. అతను పని నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడును బట్టే, "ఇవాళ కూడా ఎవరినో మధ్యలో ఇరికించావా?" అనేవారు. చాలాసార్లు ఇరికే ఉండేవాళ్ళు.

ఈ ఇంట్లోకి పిట్ట ఎలా వచ్చిందంటే, ముందు షాపుకి వచ్చింది.

పరీక్ష గది చీకటిగా ఉండాలి గనక కిటికీకి ఎప్పుడూ తెర వేసే ఉంటుంది. భోజనం వేళ మాత్రం ఆమె తెర తీస్తుంది. వెనక చిన్న పెరడు, పక్క లాండ్రీ వాళ్ళ బట్టల తీగలు, గోడ పొడవునా పూల పొదలు. ఒక సోమవారం ఆమె డబ్బా మూత తీస్తుండగా, కిటికీకి జానెడు దూరంలో ఒక పిట్ట వాలింది. బొటనవేలికి కాస్త ఎక్కువ. నిమ్మపండు రంగు మెడ, ఆకుపచ్చ వీపు. కంటి చుట్టూ మాత్రం ఎవరో సన్న కుంచెతో దిద్దినట్టు గుండ్రటి తెల్ల గీత. అచ్చం కళ్ళజోడు. అది తల ఒక పక్కకి వంచి ఆమెను చూసింది. ఆమె ఫక్కున నవ్వింది.

"ఓనరు గారూ! తొందరగా రండి, మన షాపుకి బేరం వచ్చింది!"

షాపు ఓనరు గారు నిదానస్తుడు, అయినా పరుగున వచ్చారు. చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదమ్మా మన పిట్ట! మన కోసమే పుట్టింది. దీని ఫోటో పెద్దది చేసి ముందు గోడకి పెడితే ఇంక వేరే ప్రకటన ఎందుకు?"

"దానికేముందండీ, మా అన్నయ్య దగ్గర పెద్ద లెన్సు ఉంది. వారంలో తెచ్చిస్తాను" అంది ఆమె.

ఆ మాట నోట్లోంచి ఎలా జారిందో ఆమెకే తెలియదు. జన్మలో ఆమె సెల్‌ఫోనుతో తప్ప ఫోటో తీసి ఎరగదు. కానీ ఓనరు గారు ఈ ఒక్క విషయంలో నిదానించలేదు. ఆ సాయంత్రమే నల్లటి అంచున్న పెద్ద ఫ్రేము తెప్పించి, ముందు గోడ మీద నడిమధ్య మేకు కొట్టించి తగిలించేశారు. లోపల తెల్ల అట్ట తప్ప ఏమీ లేదు.

ఆమె పెద్దన్నయ్య పత్రికల్లో ఆటల ఫోటోలు తీసినవాడు. ఇరవై ఏళ్ళు మైదానాల గట్ల మీద ఆ లెన్సు మోసి మోసి మెడ పట్టేసి, ఇప్పుడు ఇంట్లో కూర్చుని మెడకి పట్టీ కట్టుకుని టీవీలో ఆటలు చూస్తున్నాడు. చెల్లెలు అడగ్గానే బీరువా మీంచి పెట్టె దించాడు.

"తీసుకెళ్ళు చెల్లాయ్, నాకు పీడ విరగడవుతుంది. కానీ ఒక మాట. ఆటగాడు ఆరడుగులుంటాడు, ఎటు పరిగెడతాడో బంతిని బట్టి తెలుస్తుంది. నీ పిట్ట బొటనవేలంత. అది ఎటు ఎగురుతుందో దానికే తెలీదు."

"ఆటో ఫోకస్ ఉంది కదన్నయ్యా, అదే చూసుకుంటుందిగా."

అన్నయ్య గడ్డం గోక్కున్నాడు.

మొదటి ఆదివారం ఆమె షాపు పెరట్లో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడింది. లెన్సు చంటిపిల్ల బరువు, ముంజేయి పొడవు. పిట్టలు వచ్చాయి, ఏడెనిమిది. పొదలో ఒకటి కనపడగానే ఆమె కెమెరా కంటికి ఆనించేది. అందులో ఆకులు. కాస్త పక్కకి జరిపితే ఇంకా ఆకులు. ఇంకాస్త జరిపితే లాండ్రీ వాళ్ళ తీగ మీద ఎవరిదో చొక్కా కాలరు, కుట్టు కుట్టూ లెక్కపెట్టేంత స్పష్టంగా. కెమెరా దించి చూస్తే పిట్ట మొదట ఉన్నచోటే ఉండేది. మళ్ళీ ఎత్తేసరికి ఉండేది కాదు.

ఎలాగో పిట్ట దొరికినా లెన్సు దాని మీద నిలిచేది కాదు. జుయ్యిమంటూ ఆ చివరికి పోయేది, మళ్ళీ జుయ్యిమంటూ ఈ చివరికి వచ్చేది. ఆ రాకపోకల్లో లోకమంతా పచ్చని గంజిలా కరిగిపోయేది. పరీక్ష కుర్చీలో తప్పు అద్దం వేసినప్పుడు జనం ఎందుకంత చిరాకు పడతారో ఆమెకు ఆ రోజు తెలిసింది.

సాయంత్రం ఇంట్లో భర్త ఫోటోలన్నీ ఓపిగ్గా చూశాడు. రెండొందల పన్నెండు.

"కొమ్మలు మాత్రం అద్భుతంగా వచ్చాయోయ్" అన్నాడు. "ఈ కొమ్మ చూడు, చీమ కూడా కనపడుతోంది. దాని వెనక పసుపు మరక ఏంటి?"

"అదే పిట్ట."

"ఓహో" అని అతను గబుక్కున మంచినీళ్ళు తాగటం మొదలుపెట్టాడు, నవ్వు కనపడకుండా.

ఆమె ఉక్రోషంగా అన్నయ్యకు ఫోన్ చేసింది.

"ఇంత ఖరీదైన వస్తువు! కళ్ళెదురుగా పిట్టని పెట్టుకుని కొమ్మని పట్టుకుంటుందేంటన్నయ్యా?"

"తప్పు దానిది కాదు, నీది. తెర మీద ఎక్కడ కావాలంటే అక్కడ చూసుకోమని దానికి వదిలేశావు. అది బద్ధకంది. ఏది దగ్గరగా, గట్టిగా కనపడితే దాన్నే పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న ఒక్క చుక్కతోనే చూడమని కట్టడి చెయ్యి. ఆ చుక్క పిట్ట కంటి మీద పెట్టు."

కట్టడి చేసింది. ఆ తరవాతి ఆదివారం నయమనిపించింది. పిట్ట పిట్టలా వచ్చింది. కానీ దగ్గరికి లాగి చూస్తే ఏదో తేడా. ముక్కు మొన స్పష్టంగా ఉంది, కన్ను మెత్తగా ఉంది. ఇంకో దాంట్లో పిట్ట కాళ్ళ ముందున్న ఆకు స్పష్టంగా ఉంది, పిట్ట మెత్తగా ఉంది. ఒకటి రెండైతే చెయ్యి వణికిందనుకునేది. ముప్ఫైకి ముప్ఫైలోనూ అదే తేడా, అదీ ఎప్పుడూ ముందు వైపుకే. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఆమె చెవిలో ఏదో చెప్పింది.

మర్నాడు భోజనం వేళ డబ్బా పక్కన పెట్టి, గోడ మీది అక్షరాల పట్టిక దించింది. గది ఆ చివర బల్ల మీద దాన్ని ఏటవాలుగా పడుకోబెట్టింది. ఈ చివర కెమెరాని పుస్తకాల దొంతర మీద కదలకుండా ఉంచి, నడిమి వరస మీద చుక్క పెట్టి నొక్కింది. అయిదుసార్లు తీసింది. అయిదింటిలోనూ నడిమి వరస మసక, దాని ముందు వరస గీసినట్టుంది.

"అన్నయ్యా, నీ కెమెరాకి చూపు దోషం ఉంది" అని ఫోన్‌లో చెప్పింది. "రెండు వేళ్ళ మేర ముందుకు చూస్తోంది."

"ఏడిశావులే. ఇరవై ఏళ్ళు దాంతోనే బతికాను, నాకు తెలీలేదా?"

"నువ్వు తీసింది ఆరడుగుల మనుషుల్ని, మైదానం ఆ చివర్నించి. వాళ్ళకి రెండు వేళ్ళు అటూ ఇటూ అయితే ఏం తెలుస్తుంది? నా పిట్ట మొత్తం నాలుగు వేళ్ళు."

అన్నయ్య పెద్దగా నవ్వి, మెడ నొప్పికి 'అబ్బా' అని, ఆ దోషాన్ని సరిచేసే అంకెలు కెమెరాలో ఎక్కడ దాక్కున్నాయో చెప్పాడు. ఆమె ఒక్కో అంకె మారుస్తూ, పట్టికను ఫోటో తీస్తూ, "ఇది బాగుందా, అది బాగుందా" అని తనలో తనే అడుగుతూ కూర్చుంది. ఏడో అంకె దగ్గర నడిమి వరస తళుక్కుమంది. ఆమె ఓ చీటీ మీద తేదీ వేసి, పేరు రాసేచోట 'అన్నయ్య కెమెరా' అని, పవరు రాసేచోట ఆ అంకె రాసింది.

చూపు కుదిరింది కదా అనుకుంటే ఈసారి పిట్టలు లేవు. పొదల మీద పూలు రాలిపోయాయి. తేనె లేని చోట వాటికేం పని? ఒక ఆదివారం పోయింది, ఇంకొకటి పోయింది, రెండు నెలలు పోయాయి. గోడ మీద ఖాళీ ఫ్రేము అలాగే ఉంది. షాపులోకి వచ్చే ప్రతి మనిషీ దాన్ని చూసేవాడు. ఓ పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని దాని ముందు నిలబడి బెంగగా అడిగాడు.

"మేడమ్, మీరిచ్చిన అద్దాల్లోంచి చూసినా ఇందులో నాకేమీ కనపడట్లేదే?"

"మీ చూపు భేషుగ్గా ఉందండీ" అంది ఆమె. "అందులో ఏమీ లేదు."

ఓనరు గారు కౌంటరు వెనక దగ్గి ఊరుకున్నారు. ఆ దగ్గు ఆమెకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

ఒక ఉదయం ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తోంది. అత్తగారు ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి వేలెత్తి, "ఉండు" అన్నారు.

"ఏంటత్తయ్యా?"

"నువ్వు ఊరంతా వెతుకుతున్న పిట్ట ఎలా అరుస్తుంది?"

ఆమె పెదాలు బిగించి సన్నగా 'సీ... సీ... సీ' అంది.

"అయితే అవే. రోజూ ఎనిమిదిన్నరకి అలా పోతాయి" అంటూ అత్తగారు కళ్ళు మూసుకునే, చేత్తో గాలిలో గీత గీశారు. "మేడ వెనక నుంచి నీళ్ళ ట్యాంకు వైపు. పదీ పన్నెండు ఉంటాయి. ఒకటి పిలుస్తుంది, ఇంకోటి పలుకుతుంది, ఎవరూ లైను తెంచరు. ట్యాంకు దగ్గర పావుగంట ఆగుతాయి. అక్కడేదో నీళ్ళు కారుతున్నాయి, ఆ చప్పుడూ వినపడుతోంది."

కోడలి చేతిలో తడి చొక్కా అలాగే ఉండిపోయింది. "ఈ ముక్క రెండు నెలల నుంచి ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"నువ్వు నన్నేమడిగావ్? కళ్ళ గురించి తప్ప నాతో వేరే మాట్లాడావా?"

ఆ మాటలో నిజముంది గనక ఆమె చొక్కా దులిపి తీగ మీద వేసింది.

ఆ ఆదివారం ఇద్దరూ కలిసి నీళ్ళ ట్యాంకు ఆవరణలోకి వెళ్ళారు. కాపలా మనిషికి ఆమే అద్దాలు రాసింది గనక గేటు వెంటనే తెరుచుకుంది. అత్తగారు చెప్పింది అక్షరాలా నిజం. ట్యాంకు కింద ఓ వంగిన పైపు, దాని చివర నాచు, నాచు మీంచి బొట్టు బొట్టుగా నీళ్ళు. చుట్టూ ఎవరూ పట్టించుకోని పొదలు. అత్తగారిని మడత కుర్చీలో కూర్చోబెట్టి గొడుగు ఇచ్చింది. తను ఇంకో కుర్చీ వెన్ను మీద దిండు వేసి, దాని మీద లెన్సు ఆనించింది.

ఎనిమిదిన్నర దాటింది. అత్తగారి తల కాస్త పక్కకి వాలింది.

"వస్తున్నాయి" అన్నారు గుసగుసగా. "ఎడమ పక్క... పై కొమ్మల్లో... దిగుతున్నాయి... ఒకటి ముందుకొచ్చింది."

నిజంగానే వచ్చింది. తిన్నగా వచ్చి అత్తగారి గొడుగు అంచు మీద వాలింది. కోడలు ఊపిరి బిగబట్టి లెన్సు అటు తిప్పింది. జుయ్యి. మళ్ళీ జుయ్యి. ఎంత నొక్కినా లెన్సు పట్టలేదు.

"అత్తయ్యా, ఇది మరీ దగ్గరగా ఉంది!"

"దగ్గరగా ఉంటే మంచిదేగా!"

"ఈ లెన్సుకి మూడు మీటర్ల లోపల ఉన్నది ఆనదు!"

"అంటే పాపం దానికీ చత్వారమేనన్నమాట" అన్నారు అత్తగారు.

ఆమెకు నవ్వు ఆగలేదు. దిండు కింద పడింది, పిట్టలన్నీ లేచిపోయాయి. అత్తాకోడళ్ళిద్దరూ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ అలాగే కూర్చుండిపోయారు. కాపలా మనిషి ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చాడు.

ఇంటికి వస్తూ దారిలో అత్తగారే ఎత్తారు మాట.

"అది వచ్చాక నువ్వు వెతుకుతున్నావు. ఎక్స్ఛేంజిలో మా బోర్డు ముందు అలా కూర్చుంటే ఒక్క ఫోనూ కలిసేది కాదు. ఏ దీపం వెలుగుతుందో ముందే కనిపెట్టి, తీగ చేత్తో పట్టుకుని ఉండేవాళ్ళం. వెలగ్గానే గుచ్చటమే. అన్ని పిట్టలూ చివరికి ఆ బొట్ల దగ్గరికే కదా దిగేది?"

కోడలు నడి రోడ్డు మీద ఆగిపోయింది. అవును కదా. పిట్ట ఎటు తిరిగినా పైపు ఎటూ తిరగదు. ముందుగానే పైపు చివరి నాచు మీద చూపు కుదిర్చి, ఆటో ఫోకస్ ఆపేసి, వేలు మీట మీద పెట్టుకుని కూర్చుంటే లెన్సు వెతకాల్సిన పనే లేదు.

తరవాతి ఆదివారం మబ్బు పట్టి వెలుతురు చాల్లేదు. ఆ పై ఆదివారం ఎండ ఏటవాలుగా సరిగ్గా పైపు మీదే పడింది. ఆమె నాలుగు మీటర్లు కొలిచి కుర్చీ వేసింది. నాచు మీది ఒక్కో పోగూ కనపడేదాకా చేత్తో లెన్సు తిప్పి, ఇంక ముట్టుకోలేదు. కెమెరాలోంచి చూడటం కూడా మానేసి, కెమెరాకి తగిలించిన మీట తీగ చేత్తో పట్టుకుని చెవులు అత్తగారికి అప్పగించింది.

"ఎడమ... పొద లోపల... రెండు మాట్లాడుకుంటున్నాయి... ఒకటి ఆగింది..." అత్తగారి గొంతు ఇంకా తగ్గింది. "రెక్కల చప్పుడు. ఇప్పుడు!"

ఆమె నొక్కి పట్టుకుంది. కెమెరా టకటకటకమంది. పిట్ట పైపు చివర నాచు మీద ఉంది. పైన ట్యాంకు నుంచి ఒక బొట్టు దాని నడినెత్తిన పడింది. అది ఉలిక్కిపడి, ఒళ్ళంతా ఉబ్బించి విదిలించి, ఇదెవరి పనన్నట్టు తిన్నగా లెన్సులోకి చూసి ఎగిరిపోయింది. అంతా కలిపి రెండు సెకన్లు.

పదిహేడు ఫోటోలు. ఆమె ఒక్కొక్కటే జరిపింది. మసక. మసక. తోక. మసక. పదకొండోది తెర మీదికి రాగానే ఆమె "అమ్మో!" అని అరిచింది. పిట్ట నెత్తి మీద నీటి ముత్యాలు, నల్లటి కంట్లో చిన్న ఆకాశం, కంటి చుట్టూ ఆ తెల్ల గీత. అది గీత కాదు, వెంట్రుకంత సన్నటి ఈకలు పక్కపక్కన పేర్చి కట్టిన వలయం. ఒక్కో ఈకా లెక్కపెట్టొచ్చు.

"వచ్చిందత్తయ్యా! చూడండి, చూడండి!"

అత్తగారు కెమెరా అందుకుని మొహం దగ్గరికి తెచ్చుకున్నారు. దూరంగా పెట్టి చూశారు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టి చూశారు.

"పచ్చగా ఉంది" అన్నారు చివరికి. "బాగుందమ్మాయ్."

ఈసారి కళ్ళ గురించి ఒక్క మాటైనా ఎత్తకూడదనుకుని కోడలు కుర్చీలు మడిచింది.

ఇంటికొచ్చి టీలు తాగారు. కప్పు కింద పెడుతూ అత్తగారు గోడకేసి అడిగినట్టు అడిగారు.

"మీ షాపుకి వచ్చే ఆ కంటి డాక్టరు ఏ రోజుల్లో ఖాళీ?"

"ఎందుకత్తయ్యా?"

"మళ్ళీ చెప్పించుకోకు, మనసు మారిపోతుంది. ఇన్ని నెలలు వాటి మాటలు విన్నాను. మొహం చూడకుండా ఎన్నాళ్ళు మాట్లాడతాం? ఉద్యోగంలో అంటే తప్పలేదు."

లిఫ్టు మెకానిక్‌కి టీ పొలమారింది. ఆమె చెప్పులు వేసుకోకుండానే వీధి చివరి డాక్టరు గారింటికి పరుగెత్తింది. ఫోన్ చేస్తే సరిపోయేదని తిరిగొస్తుంటే గుర్తొచ్చింది.

నెల తిరిగేసరికి కుడి కంటి ఆపరేషన్ అయింది. పట్టీ విప్పిన పది రోజులకి అత్తగారు కొడుకు చెయ్యి పట్టుకుని షాపుకి వచ్చారు. లోపలికి అడుగు పెట్టగానే కొడుకు చెయ్యి వదిలేశారు. గోడ మీది నల్ల ఫ్రేములో పిట్ట ఇప్పుడు ఆవిడ తలంత పెద్దగా ఉంది. ఆవిడ దాని ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. అద్దాల కోసం వచ్చినవాళ్ళు ఇద్దరు మాటలాపి చూశారు. ఓనరు గారు కుర్చీ తెచ్చి వెనకే పట్టుకుని నిలబడ్డారు.

"కళ్ళజోడు బాగా నప్పింది" అన్నారు అత్తగారు. తరవాత ఇంకా దగ్గరికి జరిగి, కొత్త కంటితో మూల మూలా వెతికారు. "అమ్మాయ్, ఈ కుడి రెక్క చివర కాస్త అలుక్కుపోయిందేం?"

"అత్తయ్యా! కంటి మీద చూపు కుదిరినప్పుడు అంత వెనకనున్న రెక్క మెత్తగానే వస్తుందండీ. అది లెన్సు స్వభావం!"

"రెక్క కూడా బాగుండేలా తియ్యొచ్చుగా."

"పిట్ట పక్కకి తిరిగి నిలబడితే తియ్యొచ్చు."

"అయితే పక్కకి తిరిగేదాకా కూర్చుందాం. నాకేం తొందర లేదు" అన్నారు అత్తగారు.

ఎడమ కంటి ఆపరేషన్ కూడా అయిపోయింది. ఇప్పుడు ఆదివారాలు ఎనిమిదింటికల్లా ఆ ఇల్లు తాళం వేసి ఉంటుంది. కుర్చీలూ దిండ్లూ లిఫ్టు మెకానిక్ మోస్తాడు. అన్నయ్య మెడకి పట్టీతోనే వచ్చి, లెన్సు ముట్టుకోకుండా సలహాలిస్తాడు. ఫోటోల్లో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో తేల్చే పని మాత్రం అత్తగారిది. మొన్న ఆదివారం మూడొందల నలభై తీస్తే పదకొండింటిలో పిట్ట ఉంది, నాలుగింటిలో కన్ను స్పష్టంగా ఉంది. ఆ నాలుగింటిలో మూడు బాగాలేవని అత్తగారు తీయించేశారు.